యాక్టింగ్ కోచింగ్‌కు ఫీజు కట్టే ముందు కాలేజీల ఒక్క నాటకం ఆడనియ్యున్రి

ఎడిటర్ గారికి నమస్తే.

మీ పేపర్ జిల్లా పేజీ కింద ఈ మధ్య యాక్టింగ్ కోచింగ్ యాడ్లు బాగ కనవడుతున్నయి సార్. కొన్ని నెలలల్ల నటన నేర్పుతం, సీరియల్లల్ల చాన్స్ ఇప్పిస్తం, ఫోటో ఆల్బం ఫ్రీ అని. మా చిన్నాయిన మనుమడు ఒగడు డిగ్రీ నడిమిట్ల వదిలేసి హైదరాబాద్ పోయి గసొంటి దాంట్ల చేరిండు, వాళ్ళ నాయిన బత్తాయి తోట మీద అప్పు తెచ్చి ఫీజు కట్టిండు. పిలగాడు నాకు ఫోన్ల వీడియోలు పంపుతడు, అత్తా ఎక్స్‌ప్రెషన్ ఎట్లుంది చూసి చెప్పు అని. అద్దం ముందట నిలవడి ఏడుస్తడు, మల్ల నవ్వుతడు, కోపం, భయం, అన్నీ ఒకటే నిమిషంల. మంచిగనే చేస్తడు గాని ఎవలతోని మాట్లాడుతుండో నాకు సమజ్ కాదు, ఎందుకంటే ఎదురుంగ మనిషే లేడు.

నేను పాలమూరు జిల్లాల సర్కార్ బడిల తెలుగు టీచర్ని. పుట్టింది మునుగోడు దిక్కు, డిగ్రీ చదివింది నల్లగొండల, అప్పటికి ఇంకా తెలంగాణ రాలేదు. ఫైనలియర్ల మా తెలుగు సార్ ఒక నాటకం రాసి మాతోని ఆడిచ్చిండు. అందుల ఉన్నోళ్ళం ఒక్కరం గూడ సినిమాలకు పోలేదు, ఒగాయన ఆర్టీసీల కండక్టర్, ఒగామె అంగన్‌వాడీ టీచర్, ఇద్దరు చౌటుప్పల్ దిక్కు కంపెనీలల్ల ఉన్నరు. అయినా నటన అంటే ఏందో మాకు ఎంతో కొంత తెలిసింది, అదేదో క్లాస్ పెట్టి చెప్తే తెలిసింది కాదు, నాటకం నిలవెట్టుకుంట పోతుంటే తెలిసింది. అది ఎట్లనో రాస్తే లెక్చరర్లకు, డిగ్రీ పిల్లల తల్లిదండ్రులకు జర పనికొస్తదేమో అని ఈ ఉత్తరం. పొడుగైతది, జాగ లేకుంటే కోసి ఏసుకోండి.

కథ చిన్నదే. తాగే నీళ్ళల్ల ఫ్లోరైడ్ ఎక్కువై జనం ఎముకలు బిగుసుకపోయే ఊర్ల ఒక ఇల్లు, బిడ్డకు పెండ్లి చూపులు. పిలగాని తరపోళ్ళు వచ్చి కూసుంటరు, మంచినీళ్ళిస్తే ముట్టరు, మేం తెచ్చుకున్నం అంటరు. అంతే. మర్రిగూడ, నాంపల్లి, చండూరు దిక్కోళ్ళకు ఇంతకన్న చెప్పాల్సిన పని లేదు, ఈ దిక్కు పిల్లనియ్యాలన్నా తెచ్చుకోవాలన్నా జనం ఎట్ల ఎనుకాడెటోళ్ళో ఇంటింటికి తెలుసు. నీళ్ళల్ల ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటరు, మా దిక్కు చానా బోర్లల్ల అది ఎప్పుడో దాటిపోయింది. పటిక, సున్నం కలిపి నీళ్ళల్లకెళ్ళి ఫ్లోరైడ్ తీసే పద్ధతి ఒకటి నాగపూర్ నీరీ సంస్థోళ్ళు తయారు చేసిన్రు, దానికి ప్రపంచమంతట నల్లగొండ టెక్నిక్ అనే పేరు, మా జిల్లాకు దక్కిన పేరు గసొంటిది. 2015ల చౌటుప్పల్ కాడ ఇంటింటికి నల్లా నీళ్ళిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్ ఏసిన్రు, తర్వాత నల్లా నీళ్ళొచ్చినయి, ఇప్పటి పిల్లలకు ఆ బాధ అంతగ తెల్వకపోతే మంచిదే.

సార్ మొదలే ఒక పని చెప్పిండు, మాకెవ్వరికి నచ్చలేదు. స్క్రిప్ట్ జిరాక్స్ ఇయ్య అన్నడు. మొత్తం నాటకం ఎవలది వాళ్ళు నోట్‌బుక్కుల చేత్తోని రాసుకోవాలె, రెండే ముక్కలు మాట్లాడే పెండ్లిళ్ళ పేరయ్య గూడ అంతా రాయాలె. నాకున్న డైలాగులు తక్కువ, వాటి కింద స్కెచ్ పెన్నుతోని గీతలు కొట్టుకుందామని నేను అనుకున్న, కాని అంతా రాసినంక తెలిసింది ఏందంటే నేను నోరు మూసుకొని ఉన్న జాగలనే నాకు ఎక్కువ పని ఉన్నది. ఇంటామె వేషం నాది. మొగోళ్ళు మాట్లాడుతుంటే ఒక మూలకు కూసొని ఉంటది. అట్ల కూసున్నప్పుడు చేతులు ఏం చెయ్యాలె? స్టేజీ ఎక్కిన ఎవ్వరినైనా అడగండి, మొదటి కష్టం మాటలు కాదు, చేతులు. జేబుల పెడ్తరు, కొంగు తిప్పుతరు, ఎనుకకు కట్టుకుంటరు, ఏడ పెట్టినా అవి మనయి కానట్టే ఉంటయి.

సార్ నాకు చాటల బియ్యం ఇచ్చిండు. ఉత్తుత్తిగ కాదు, రాళ్ళున్న బియ్యమే. "నువ్వు యాక్టింగ్ చెయ్యకు, రాళ్ళు ఏరు. చెవు మాత్రం ఆడ పెట్టు. ఏ మాట కాడ నీ చెయ్యి ఆగుతదో ఆగనియ్యి, నన్ను అడగకు" అన్నడు. మొదట్ల నేను సీన్ మొత్తంల పెద్ద మాట ఏదుంటే దాని కాడ ఆపేదాన్ని, తెలిసిపోయేది ఆపిన్నని. తర్వాత తర్వాత బియ్యం నిజంగనె ఏరుడు అలవాటైనంక ఒకరోజు మేం నీళ్ళు తెచ్చుకున్నం అనే మాటకు కాకుండ, దానికి ముందు పిలగాని తల్లి బ్యాగు జిప్పు తీసిన సప్పుడుకే నా చెయ్యి ఆగింది. నేను ఆపలేదు. సార్ ఏమన్లే, కాని తెల్లారి నుంచి ఆ జిప్పు సప్పుడు అందరికి వినవడేటట్టు ఆమెను ఇంకో దిక్కు కూసోవెట్టిండు. ఇగ ఆ తర్వాత నేను నటన గురించి ఏ పుస్తకం చదివినా నాకు ఆ జిప్పే యాదికొస్తది.

పుస్తకాలంటే గుర్తొచ్చింది, బీఈడీ టైంల లైబ్రరీల రష్యా స్టానిస్లావ్‌స్కీ గురించి చదివిన, 1898ల మాస్కో ఆర్ట్ థియేటర్ పెట్టినోళ్ళల్ల ఒకాయన. నువ్వే ఆ మనిషి జాగల ఉంటే ఏం చేస్తువు అని యాక్టర్‌ను అడుగుడు ఆయన పద్ధతట. మా సార్ ఆ పేరు ఒక్కనాడు ఎత్తలే, అడిగేది మాత్రం అదే. భరతముని చెప్పిన నాలుగు అభినయాలు మాత్రం ఒకసారి బోర్డు మీద రాసిండు, ఆంగికం అంటే ఒళ్ళు, వాచికం అంటే మాట, ఆహార్యం అంటే వేషం, సాత్త్వికం అంటే లోపలి భావం అని. రాసి, పై మూడు నేను చెప్తే వస్తయి, నాలుగోది నేను చెప్తే రాదు అని డస్టర్‌తోని తుడిచేసి చాయ్ తాగపోయిండు. గమ్మతి మనిషి.

అసలు చెప్పాల్సింది ఇంటాయన వేషం గురించి. ఇప్పుడు కండక్టర్ అయిన పిలగాడే ఏసిండు. ముసలోడు అనంగనె సినిమాల చూసినట్టు నడుము వంచి, గొంతు వణికిచ్చి, రెండు మాటలకొకసారి దగ్గుడు మొదలువెట్టిండు, మేమందరం అబ్బ ఎంత మంచిగ చేస్తుండురా అనుకున్నం. సార్ ఆపిండు. "ఆయన వయసెంత?" అని అడిగిండు. స్క్రిప్ట్‌ల నలభై అయిదు అని ఉన్నది. "మరి ముసలోడు అని ఎవడు చెప్పిండు నీకు? దగ్గు ఎందుకొస్తది, ఆయనకు దమ్ము లేదు, టీబీ లేదు, ఆయన తాగింది నీళ్ళు. నీళ్ళు తాగినోడు ఎట్లుంటడో పోయి చూసి రా" అని పంపిండు. పిలగాడు ఆదివారం వాళ్ళ మేనమామ ఊరికి పోయి ఒక ఇంటి ముందట అరుగు మీద పొద్దందాక కూసొని వచ్చిండు.

వచ్చి చేసి చూపెట్టిండు, అప్పటిదాక ఉన్న సీన్ మొత్తం ఆడనే మారిపోయింది. ఎముకలకు పట్టిన ఫ్లోరైడ్‌తోని ఎన్నుపూస బిగుసుకపోతది గద, మెడ తిరగదు. ఎవరన్న పక్కకెళ్ళి పిలిస్తే మనలెక్క తల తిప్పి ఆఁ అనేది ఉండదు. ముందు కట్టె జరుపుతడు, తర్వాత ఒక పాదం, ఆ తర్వాత రెండోది, నడుముతో సహ మొత్తం మనిషే తిరిగినంక అప్పుడు పిలిచినోని మొకం కనవడుతది. అంతసేపు పడ్తది. అంతసేపట్ల పిలిచినోడు ఏం చేస్తడు? సార్ పెండ్లోళ్ళ వేషాలోళ్ళను అదే అడిగిండు. పిలగాని తండ్రి వేషమాయన రెండు రోజులు ఆగి చూసిండు, ఆగితే ఆయన మంచోడు అయిపోతుండు, సీన్ పడిపోతుంది. మూడో రోజు ఆగలే, ఆయన ఇంకా తిరుగుతనే ఉన్నడు, ఈయన అడగాల్సింది అడిగి, జవాబు గూడ తనే చెప్పుకొని, ఇంకో దిక్కు కూసున్న పేరయ్యతోని ముచ్చట పెట్టిండు. ఇంటాయన తిరిగేసరికి అక్కడ వీపు ఉన్నది. డైలాగ్ ఒక్కటి మారలేదు సార్, రాసింది రాసినట్టే ఉన్నది. కాని ఆ రోజు గదిల నవ్వుకుంట చూసే మా క్లాస్‌మేట్స్ సప్పుడు చెయ్యలే.

గిది అద్దం ముందట వస్తదా చెప్పున్రి. ఒక మనిషి మెడ తిప్పలేడు, దానివల్ల ఇంకో మనిషి ఎసొంటోడో తెలిసింది. ఇద్దరు కావాలె, రోజు అదే గదిల, అదే టైంకు, తప్పు పోయిందాన్ని మల్ల మల్ల చేసుకునే పుర్సత్ కావాలె.

మాట సంగతి గూడ చెప్పాలె. పొద్దందాక మేం మాట్లాడేది నల్లగొండ మాటనే, హాస్టల్ల, బస్సుల, క్యాంటీన్ల. చాక్‌పీసుతోని గీసిన స్టేజీ గీత దాటంగనె ఏమైతదో ఏమో అందరికి రేడియో గొంతు వచ్చేది. సార్ "నాయినా జరసేపు పండు" అని రాస్తే, మా అంగన్‌వాడీ దోస్తు "నాన్నా! కొద్దిసేపు పడుకో నాన్నా!" అని చదివేది, అచ్చం రాసినట్టే చదువుతున్న అనుకొనేది పాపం. సార్ అటు ఇటు చూసి ఈ రెండో అమ్మాయి ఎవరమ్మ, ఎప్పుడొచ్చింది అనెటోడు. మా అందరికి లోపల ఏముండెనంటే స్టేజీ మీద మన యాస మాట్లాడితే జనం నవ్వుతరు అని, ఎందుకుండదు, అప్పటిదాక సినిమాలల్ల మా మాట మాట్లాడింది రౌడీలు, కామెడీ చేసెటోళ్ళే గద. ఇప్పుడు కాలం మారింది, యాస ఉంటేనే సినిమా ఆడుతుంది, కాని ఇప్పటి కొంతమంది పిల్లలది ఇంకో తమాష, ఇంట్ల లేని యాస గూడ గట్టిగ సాగదీసి మాట్లాడుతరు, గది గూడ రేడియో గొంతే.

గొంతు ఎనుక బెంచీ దాక పోవుడు ఇంకో పంచాయితీ. మైకు మీద ఆధారపడొద్దన్నడు సార్, గేటు కాడ ఒకరిని, యాప చెట్టు కాడ ఒకరిని నిలవెట్టి మాట్లాడుకోమనెటోడు, ఒర్లుడు బంద్. ఒర్లితే గొంతు పోతది గాని మాట పోదు. అప్పుడే ఒకటి చెప్పిండు, నేను ఇప్పటికీ బడిల పిల్లలతోని చదివిచ్చేటప్పుడు చెప్త. మన తెలుగుల అసలు సంగతి వాక్యం ఆఖర్న ఉంటది, వచ్చిండా రాలేదా, ఇచ్చిండా ఇయ్యలేదా అన్నది చివరి ముక్కల తెలుస్తది, మనం ఏమో ఊపిరి అయిపోయి సరిగ్గ ఆ ముక్కనే మింగుతం. "మేము ఆ పిల్లను చేసుకో..." అని వినవడి ఆగిపోతే ఎనుకోనికి పెండ్లి అయిందో కాలేదో ఏం తెలుస్తది? అందుకని ఊపిరి ముందే తీసుకొని ఆఖరు ముక్క కోసం దాసిపెట్టుకోవాలె.

బిందె గురించి రెండు ముక్కలు. నేను బోరింగ్ కాడికెళ్ళి నీళ్ళ బిందె తెచ్చే ఎంట్రీ ఉన్నది. సినిమాలల్ల హీరోయిన్లు ఖాళీ బిందె చంకల పెట్టుకొని డ్యాన్స్ చేస్తరు చూసిన్రా, నడుము వంగదు, రెండో చెయ్యి పక్కకు లేవదు, నీళ్ళు మోసిన ఏ ఆడిమనిషి అయినా చూస్తే నవ్వుతది. నేను పుట్టినకాడికెళ్ళి నీళ్ళు మోసినదాన్నే, అయినా స్టేజీ మీద ఖాళీ బిందె పట్టుకుంటే నేను గూడ గట్లనే నడిచిన. సార్ కాలేజీ నల్లా కాడ బిందె నింపిచ్చి గది దాక మోపిచ్చిండు కొన్ని దినాలు, తర్వాత సగం, తర్వాత ఖాళీ. ఖాళీదైనా నడుముకు యాదికుంటది.

ఇగ ఆడే రోజు. కాలేజీ డే, ఎనుక పోరగాండ్ల సీటీలు, ముందట కుర్చీలల్ల పెద్దమనుషులు. ఇంటాయన వేషంల మా వాడు కట్టె పట్టుకొని రాంగనె హాల్ మొత్తం నవ్వింది. నవ్వుతరని సార్ ముందే చెప్పిండు, "నవ్వుతే ఆగకు, వాళ్ళను ఏడిపియ్యాలని చూడకు, నువ్వు కూసునే పనిల ఉండు" అన్నడు. మావాడు అట్లనే కట్టె, పాదం, రెండో పాదం, మంచం దాక పోవుడు, కూసునుడు, తొందర పడలే. నవ్వు దానంతట అదే సల్లవడ్డది. నేను బియ్యం ఏరుకుంట అంతా ఇంటున్న, సీటీ ఏసినోడే పక్కోన్ని ఆగురా అన్నడు. నాటకం అయినంక చప్పట్లు వచ్చినయి, అవి రికార్డింగ్ డ్యాన్సులకు గూడ వచ్చినయి, అది పెద్ద లెక్క కాదు.

ఆ తర్వాత మా ఊరి దిక్కు ఒక పల్లెల ఆడినం, ట్రాక్టర్ ట్రాలీలు రెండు కలిపి స్టేజీ. ముందట వరుసల కూసున్నోళ్ళల్ల ఆ రోగం ఉన్నోళ్ళే ఉన్నరు, మాకు కాళ్ళు వణికినయి నిజం చెప్పాల్నంటే. ఎవరు ఏమంటరో అని. అయిపోయినంక ఒక పెద్దాయన మావాన్ని దగ్గరికి పిలిచిండు, తిట్టలే, మెచ్చుకోలే. "కూసునేటప్పుడు ముందుగాల కట్టె ఆనియ్యం బిడ్డా, ముందు ఎనుక చెయ్యి మంచం పట్టె ఏడున్నదో దేవులాడుతం, చెయ్యికి తగిలినంకనే కూసుంటం, లేకుంటే ఎల్లెలుకల పడ్తం" అని చేసి చూపిచ్చిండు. తర్వాత ఆడిన ఊర్ల మావాడు అట్లనే చేసిండు, ఎనుక చెయ్యి గాలిల మంచాన్ని దేవులాడుతుంటే ముందు వరుసల ఒకామె ఇంకా ఇటు, ఇంకా ఇటు అని పైకే అన్నది. ఏ కోచింగ్ సెంటర్ల ఈ సారు దొరుకుతడు?

కోచింగ్ అన్నీ మోసం అని నేను అంటలేను, కెమెరా ముందట చేసుడు వేరే విద్య, చిన్నగ చెయ్యాలె, గీసిన గీత మీద ఆగాలె, ముక్కలు ముక్కలుగ తీస్తరు, అది నాటకంల రాదు. నటననే బతుకుదెరువు చేసుకోవాలె అనుకునేటోళ్ళకు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీల థియేటర్ ఆర్ట్స్ పీజీ ఉన్నది, తెలుగు యూనివర్సిటీల రంగస్థల శాఖ ఉన్నది, దానికి ఇప్పుడు మన పాలమూరు సురవరం ప్రతాపరెడ్డి గారి పేరే పెట్టిన్రు. డిగ్రీ పూర్తి చేసి అక్కడికి పోవచ్చు, సర్కార్ ఫీజుతోని. నా బాధ ఏందంటే దానికి ముందు, అసలు ఈ పిల్లకు ఈ పిలగానికి ఇది పడ్తదా లేదా అని తేల్చుకునే జాగ డిగ్రీ కాలేజే, అక్కడ నాటకం లేదు.

ఇప్పుడు కాలేజీ డే అంటే ఏమున్నది, పొద్దందాక స్పీచులు, తర్వాత సినిమా పాటలకు డ్యాన్సులు, ఆఖర్న డీజే. డ్యాన్స్ తప్పని కాదు, మా పిల్లలు గూడ చేస్తరు. నాటకం పేరు మీద ఉండేది ఒక స్కిట్, తాగి బండి నడపొద్దు, ఫోన్ ఎక్కువ చూడొద్దు అని, ముందు రోజు అనుకొని తెల్లారి చేసేది. యూనివర్సిటీ యూత్ ఫెస్టివల్ పోటీలల్ల స్కిట్‌కు ఇచ్చేది పది నిమిషాలు, ఏకాంకిక అంటే ఒక్క అంకం నాటకానికి ముప్పై నిమిషాలు, చానా కాలేజీలు స్కిట్‌తోనే సరిపెట్టుకుంటయి, సులువు గద. స్కిట్‌ల పంచ్ నేర్చుకుంటరు పిల్లలు. ఒక మనిషి లోపట నెల రోజులు ఉండుడు అనేది నేర్చుకోరు.

లెక్చరర్లను అడిగితే 2016 నుంచి సెమిస్టర్లు వచ్చినయి మేడం, ఇంటర్నల్స్, అసైన్‌మెంట్లు, పుర్సత్ ఏడిది అంటరు. నిజమే, కాదన. గెస్ట్ లెక్చరర్లకైతే నెల జీతమే సక్కగ రాదు, నాటకం ఏడ ఆడిస్తరు. ఇంకో నిజం, ఆడపిల్లలు. మా టైంల నేను, అంగన్‌వాడీ దోస్తు రిహార్సల్ నడిమిట్ల ఉరికేది ఆఖరు బస్సు కోసం, అది తప్పితే ఇంటికి పోయెటట్టు లేదు, ఇంట్ల నాటకం గీటకం బంద్ అనెటోళ్ళు. 2023 డిసెంబర్ నుంచి ఆడోళ్ళకు బస్ ఫ్రీ అయింది మంచిదే, టికెట్ బాధ పోయింది, బస్సు టైం బాధ పోలే. సాయంత్రం నాలుగు నుంచి ఆరు అంటే దేవరకొండ దిక్కు, అచ్చంపేట దిక్కు లోపలి ఊర్ల పిల్లలు ఎట్ల ఉంటరు? అందుకే చానా కాలేజీలల్ల నాటకం అంటే మొగపిల్లలే ఆడోళ్ళ వేషం ఏసి నవ్విచ్చుడు అయిపోయింది. రిహార్సల్ మధ్యాహ్నం లంచ్ టైంకు జరుపున్రి, లేకుంటే వారానికి రెండు ఆఖరు పీరియడ్లు ఇయ్యున్రి, సరిపోతది. మేం చేసిందానికి డబ్బులు గూడ పెద్దగ ఏం కాలేదు, నులక మంచం హాస్టల్ వాచ్‌మన్‌ది, చాట మా ఇంటికెళ్ళి తెచ్చిందే, బిందె క్యాంటీన్‌ది.

నేర్పెటోళ్ళు లేరు అనేది మాత్రం నేను ఒప్పుకోను. మా తాతల కాలంల ఊర్లల్ల పౌరాణిక నాటకాలు ఆడాల్నంటే హార్మోనియం పంతులును పిలిపిచ్చుకొని, ఇంటికింత ఎత్తి ఆయనకు తిండి పెట్టి, ఎవుసం పనులు లేని దినాలు చూసి రాత్రిపూట నేర్చుకునేది, చదువు రానోళ్ళు గూడ పద్యాలు నోటికి పట్టేది. కత్తి వీరుడు అని పేరు పడ్డ కాంతారావు గారు మా కోదాడ కాడి గుడిబండ ఆయన, సినిమాల కంటె ముందు నాటకాలల్ల ఉన్నోడే. మా నల్లగొండ రైతుల పోరాటం మీద 1940లల్ల కమ్యూనిస్టు కళాకారుల సంఘం ప్రజానాట్యమండలోళ్ళు నాటకం కట్టి ఆడితే ఆంధ్ర దిక్కు ఊర్లు ఊర్లు చూసినయి. నారాయణపేట జిల్లా దామరగిద్ద దాసరి కొండప్ప గారికి 2024ల బుర్రవీణ అనే తీగెల వాయిద్యానికి పద్మశ్రీ వచ్చింది, నాగర్‌కర్నూల్ దిక్కు మొగులయ్య గారికి 2022ల కిన్నెర అనే ఇంకో తీగెల వాయిద్యానికి వచ్చింది. వచ్చినప్పుడు శాలువా కప్పి ఫోటో దిగినం. శాలువా కప్పుడు అయినంక ఒక పూట కాలేజీ పిల్లల ముందట కూసోవెట్టి, మైకు లేకుండ ఊరి నడిమిట్ల జనాన్ని ఎట్ల ఆపుతరు పెద్దాయనా, పాట నడుమ మాట ఎట్ల ఎత్తుకుంటరు అని అడిగిన కాలేజీ ఉంటే మంచిది, నేనైతే ఇనలేదు. ఊరూర ఆటలు ఆడి కథలు చెప్పే చిందోళ్ళు, ఒగ్గోళ్ళు, బుడగ జంగాలోళ్ళు ఇంకా మన మండలాలల్లనే ఉన్నరు. ఒగ్గు కథ చెప్పే ఆయన ఒక్కడే రాజు అయితడు, ఒక్కడే రాణి అయితడు, భుజం మీది తువ్వాల జరిపితే మనిషి మారుతడు, అది నెల రోజులు చూసి నేర్చుకోవాల్సిన పని.

కాబట్టి ప్రిన్సిపాల్ సార్లకు నా మనవి ఏందంటే, ఏడాదికి ఒక్క నాటకం, గంటదో అరగంటదో, నెల రోజులు ఒక గది. పోటీకి పంపున్రి పంపకపోన్రి. పిల్లలే రాసుకున్నదైతే ఇంకా మంచిది, మన దిక్కు కథలకు తక్కువేం లేదు, పాలమూరుకెళ్ళి బొంబాయి పోయిన వలస ఇల్లు ఒక్కొక్కటి ఒక్కొక్క నాటకం. కాలేజీల ఒకసారి, బయట ఒక పల్లెల ఒకసారి ఆడిచ్చున్రి, రెండోది అస్సలు ఇడువొద్దు.

ఇగ మీకు గూడ ఒక మాట ఎడిటర్ గారు, కోపానికి రావొద్దు. కాలేజీలల్ల ఎప్పుడన్న నాటకం ఆడితే మీ జిల్లా పేజీల వార్త వస్తది, నేను కత్తిరిచ్చి పెట్టుకుంట. ఫోటోల జ్యోతి వెలిగించే ముఖ్య అతిథి ఉంటడు, కింద స్టేజీ మీద కూసున్నోళ్ళ పేర్లు వరుసగ ఉంటయి, ఆఖర్న విద్యార్థుల సాంస్కృతిక కార్యక్రమాలు అలరించాయి అని ఒక్క లైన్. నాటకం పేరు ఏంది, రాసింది ఎవరు, ఏ వేషం ఎవరు ఏసిన్రు, ఏడ బాగున్నది, ఏడ పడిపోయింది, ఒక్క ముక్క ఉండదు. మీ రిపోర్టర్ ముఖ్య అతిథి లేచి పోయినంక గూడ ఇంకో గంట కూసొని చూసి నాలుగు లైన్లు రాస్తే చాలు. ఆడిన పిల్లల పేర్లు, వాళ్ళ ఊరి పేర్లతోని సహ ఎయ్యున్రి. మంచం మోసిన పిలగాని పేరు గూడ.

ఇట్లు
మునుగోడు దిక్కు పుట్టి పాలమూరుల పనిచేస్తున్న ఒక తెలుగు టీచర్